బూన్‌తో రాని పెద్దాయన

మా ఆవిడది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. పెళ్లయిన కొత్తలో మా మామగారు నాకు చెప్పిన మొదటి సంగతి, వాళ్ల పూర్వీకుడు 1775లో, అక్కడికి వలస వచ్చేవాళ్లకు దారి తెరిచిన డేనియల్ బూన్ వెంట, కంబర్లాండ్ గ్యాప్ అనే కొండ కనుమ దాటి వచ్చాడని. అక్కడ పాత కుటుంబాల్లో ఎవరిని కదిపినా బూన్ వెంటే వచ్చామంటారు లెండి. పోయిన చలికాలం కాస్త తీరిక దొరికి, ఆ సంగతేదో తేల్చేద్దామని కూర్చున్నాను.

1850 వరకు పని హాయిగా సాగింది. ఆ ఏడాది జనాభా లెక్కల్లోనే మొదటిసారి ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి, అంటే బానిసలు కానివాళ్లందరి పేర్లూ రాశారు. అంతకుముందు ఇంటి పెద్ద పేరొక్కటే. మిగతావాళ్లు వయసుల గడుల్లో ఉత్త అంకెలు. కెంటకీ 1790, 1800 లెక్కలైతే అసలు మిగల్లేదు. ఆ కాలానికి పన్ను జాబితాలే దిక్కు.

ఆ జాబితాల్లో ఒకే కౌంటీలో అదే పేరుతో ఇద్దరు తగిలారు. రెండు వారాలు తప్పు మనిషి వెంటపడ్డాను. చివరికి పొలం ఏ వాగు పక్కనుందో రాసే గడి చూసి ఇద్దరినీ విడదీశాను. పట్టా తెరిస్తే, తెల్ల ఓక్ దగ్గర మొదలుపెట్టి రెండు హికరీ చెట్ల దాకా ఇన్ని పోల్స్ అని హద్దులు. పోల్ అంటే 16.5 అడుగులు. మన దస్తావేజుల్లో 'తూర్పు: ఫలానా వారి పొలం, పడమర: పుంత' అన్నట్టే ఉంది. కాకపోతే చెట్టు కూలితే హద్దూ పోతుంది. ఒకరి పట్టా మీద ఇంకొకరి పట్టా పడి, బూన్ అంతటివాడే భూములు పోగొట్టుకున్నాడు.

అసలు తాళంచెవి 1840 లెక్కల్లో దొరికింది. సైనిక పింఛను తీసుకునేవాళ్ల పేరు, వయసు ఆ ఏడాది విడిగా రాశారు. అల్లుడి ఇంట్లో పెద్దాయన, 82 ఏళ్లు! వెంటనే పింఛను ఫైలు తీశాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్లకు పింఛనిచ్చే 1832 చట్టం కింద దరఖాస్తు చేసిన ముసలి సిపాయిలను కోర్టులో ఏడు ప్రశ్నలు అడిగేవారు. ఎక్కడ పుట్టావు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు అన్నవి అందులోనివే. ఈయన జవాబు: వర్జీనియాలో పుట్టాను, 1784లో కెంటకీ వచ్చాను. అంటే మామగారు చెప్పిన 1775 బూన్ ప్రయాణానికి తొమ్మిదేళ్ల తర్వాత.

భయపడుతూనే మామగారికి చెప్పాను. కాసేపు ఆగి, "పోనీలే, బూన్‌ని చూసైనా ఉంటాడు" అన్నారు.

పన్ను జాబితా కాగితం ఆయనకి చూపించకుండా ఉందామనుకున్నాను. కానీ అడిగారు, ఇచ్చాను. గుర్రాలు ఎన్నో రాసిన గడికి పక్కనే 'నల్లవారు' అని ఇంకో గడి ఉంది. అందులో 3. అంటే ముగ్గురు బానిసలు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదట. వాళ్ల పేర్లేంటి అని అడిగారు. పన్ను జాబితాలో పేర్లు రాయరని, వీలునామాలోనో, ఆస్తి జాబితాలోనో ఉండొచ్చని చెప్పాను.

మొన్న ఆదివారం ఆయనే ఫోన్ చేశారు. కౌంటీ కోర్టుకు తనే వెళ్లి ఆస్తి జాబితా వెతికించారట. ఆవులకీ నాగలికీ మధ్య రెండు పేర్లున్నాయట, ఇంటిపేర్లు లేకుండా. మూడో మనిషి సంగతి తెలియలేదు. ఇక్కడి నుంచి ముందుకు ఎలా వెతకాలో చెప్పమంటున్నారు.