బకెట్ నీళ్లు రోజంతా ఉంచినా చాలలేదు

"అమ్మా, చేపలన్నీ పైకొచ్చేశాయి!" అని మా అమ్మాయి అరిస్తే తడి చేతులతోనే పరిగెత్తాను. నీళ్లు మార్చి గంట కూడా కాలేదు. 5 గోల్డ్‌ఫిష్‌లూ నీటి అంచుకి మూతులు ఆనించి గుటకలు వేస్తున్నాయి. మామూలుగా నెమ్మదిగా తెరుచుకుని మూసుకునే మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. అన్నింటికన్నా పెద్దది రెక్కలు ఒంటికి అంటించుకుని ఓ మూలకి ఒరిగిపోయింది. ఎయిర్ పంప్ పూర్తిగా పెంచి రాత్రంతా పక్కనే కూర్చున్నాను. తెల్లారేసరికి పెద్దది పోయింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. నేనెప్పుడూ కుళాయి నీళ్లు నేరుగా పోయను. అందులో క్రిములని చంపడానికి కలిపే క్లోరిన్ పోవాలని, ముందురోజే బకెట్‌లో పట్టి, మూత పెట్టకుండా 24 గంటలు ఉంచి అప్పుడు పోస్తాను. 3 ఏళ్లుగా ఇదే పద్ధతి, ఎప్పుడూ ఇలా కాలేదు.

ఆ బకెట్‌లో మిగిలిన నీళ్లలో టెస్ట్ స్ట్రిప్ (నీళ్లలో ఏముందో రంగు మారి చూపించే కాగితపు పట్టీ) ముంచాక గానీ సంగతి తెలియలేదు. ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవని క్లోరిన్ గడి రంగు మారలేదు. పక్కనున్న టోటల్ క్లోరిన్, అంటే కలిసినదీ కలవనిదీ మొత్తం చూపే గడి మాత్రం బాగా రంగెక్కింది. ఆ రెండింటికీ మధ్య అంత తేడా వచ్చిందంటే నీళ్లలో ఉన్నది క్లోరమైన్, అంటే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్. ఉత్త క్లోరిన్ అయితే నీళ్లు తెరిచి ఉంచితే గాల్లోకి పోతుంది. క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. పైపుల చివరిదాకా క్రిములు పెరగకుండా నిలుస్తుందనే కొన్నిచోట్ల నీళ్లలో దాన్ని కలుపుతారు. మనం తాగితే కడుపులోనే విరిగిపోతుంది. చేపకి మాత్రం మొప్పల గుండా నేరుగా రక్తంలోకి వెళ్లి, ఆ రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. నీళ్లలో గాలి ఉన్నా వాటికి ఊపిరాడకపోవడం అందుకే.

అప్పుడు కండిషనర్, అంటే కుళాయి నీళ్లని చేపలకి పనికొచ్చేలా చేసే మందు కొనడానికి వెళ్లి మళ్లీ పొరపాటు చేశాను. దొరికిన మొదటి సీసా తెచ్చేశాను. అందులో ఉన్నది సోడియం థయోసల్ఫేట్, పాత రోజుల్లో ఫొటోలు కడగడానికి వాడిన హైపో. క్లోరిన్‌ని క్షణాల్లో విరిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఈసారి ట్యాంక్‌లో పోయకముందే బకెట్‌లోనే పరీక్షించాను. క్లోరిన్ సున్నా. కానీ అమ్మోనియా టెస్ట్ ట్యూబ్‌ని తెల్ల కాగితం ముందు పట్టుకుంటే, పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చగా మారాయి. క్లోరమైన్ విరిగితే అందులోని అమ్మోనియా బయటపడుతుంది మరి! 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) క్లోరమైన్ విరిగితే దాదాపు 0.4 పీపీఎం అమ్మోనియా మిగులుతుంది. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) 7 దగ్గర ఆ అమ్మోనియా విషం తక్కువే, 8 దగ్గర సుమారు 10 రెట్లు ఎక్కువ. మా నీళ్లు 8కి దగ్గర్లో ఉంటాయి.

అందుకే సీసా ముందు రాసిన పెద్ద అక్షరాలు వదిలేసి వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోరిన్, క్లోరమైన్, అమ్మోనియా ఈ మూడింటి పేర్లూ ఉండాలి. ఇప్పుడు నేను వాడేది అలాంటిదే, అది అమ్మోనియాని పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత దాన్ని తినాల్సింది ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానే, కాబట్టి అది ఇంకా సరిగా పెరగని కొత్త ట్యాంక్ అయితే మరింత జాగ్రత్త. ఇలాంటి కండిషనర్ వాడాక కొన్ని టెస్ట్ కిట్లు లేని అమ్మోనియా కూడా చూపిస్తాయి. సాలిసిలేట్ రకం కిట్ మేలు. కలబంద కలిపాం, చేప ఒంటి మీది జిగురు పొర పెంచుతుంది లాంటి సీసా మీది మాటలు నేను పట్టించుకోను. పాత పైపులున్న ఇంట్లో అయితే లోహాలని పట్టే గుణం మాత్రం చూస్తాను.

కొలత విషయంలో మొదట్లో నాకూ తికమకే. బకెట్‌లో కలిపితే బకెట్ నీళ్లకి సరిపడా చాలు. కుళాయి నీళ్లు నేరుగా ట్యాంక్‌లోకి వదిలితే మొత్తం ట్యాంక్‌కి లెక్కవేసి ముందే కలపాలి. మరీ ఎక్కువ పోస్తే కొన్ని రకాలు నీళ్లలోని ఆక్సిజన్‌ని కూడా లాగేస్తాయి. నేను సూది లేని సిరంజితో కొలుస్తాను.

మా పిల్లి గిన్నెలో కూడా వేయాలా అని అమ్మాయి అడిగింది. అక్కర్లేదు. పిల్లులకీ కుక్కలకీ మనం తాగే నీళ్లే చాలు. చర్మంతో నీళ్లు పీల్చే కప్పలకి మాత్రం తప్పనిసరి. ఇంకో మాట: కండిషనర్ క్రిములని చంపదు, నీటి కఠినత్వాన్నీ తగ్గించదు.

ఇప్పుడు నీళ్లు మార్చే రోజున సిరంజి మా అమ్మాయి చేతికే ఇస్తాను. గీత దగ్గర కన్ను పెట్టి, ఊపిరి బిగబట్టి కొలుస్తుంది. నీళ్లు పోశాక మేమిద్దరం ట్యాంక్ అద్దం ముందు కూర్చుని మిగిలిన 4 చేపల మొప్పలు చూస్తూ ఉంటాం. నిన్న కూడా గంటసేపు చూశాం, నెమ్మదిగానే ఆడాయి.