కిట్ల లెక్క అడిగితే ‘నీకెందుకమ్మా’ అన్నారు: సమాచార హక్కుతో నా అనుభవం

ప్రభుత్వాసుపత్రి నుంచి అడిగిన కాగితాల కాపీలు నిన్ననే చేతికొచ్చాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా మామగారికి క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, ఎప్పటికప్పుడు చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఎప్పుడు వెళ్లినా ‘కిట్లు లేవు, బయట చేయించుకోండి’ అనేవారు. ఎప్పటి నుంచి లేవో, పైకి రాశారో లేదో చెప్పేవాళ్లు లేరు. అందుకే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను.

దరఖాస్తు రాయడం తేలిక. తెల్లకాగితం, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, స్పీడ్ పోస్టు. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకైతే ఐదు రూపాయలే, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. బోర్డు మీద ఉన్న అధికారి పేరు రాయకండి, ఆయన ఎప్పుడో బదిలీ అయిపోయి ఉంటారు. ‘పౌర సమాచార అధికారి’ అని హోదా రాస్తే చాలు. ‘కిట్లు ఎందుకు లేవు?’ అని మాత్రం అడగకండి. సంజాయిషీ చెప్పే పని మాది కాదని తిప్పి పంపేస్తారు. ఉన్న కాగితాన్నే అడగాలి. నేను కిట్ల స్టాకు రిజిస్టరు, సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కి పంపిన ఇండెంట్లు (కిట్లు పంపమని కోరుతూ రాసే కాగితాలు), మెషీన్ రిపేరుకి రాసిన ఉత్తరాలు, ఈ మూడింటి నకళ్లు అడిగాను.

ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వలేదు. దాని బదులు ఫోన్ వచ్చింది, అదీ నాకు కాదు, ఆశా కార్యకర్తగా చేస్తున్న మా వదినకి. “మీవోళ్లేటి, మా మీద కాగితాలు పెడుతున్నారట?” అన్నారట. వదిన రాత్రివేళ మా ఇంటికొచ్చి ఏడ్చింది. నా దరఖాస్తుకీ ఆవిడ పనికీ ఏమిటి సంబంధం? మనిషిని భయపెట్టడానికి ఇంటి దారి వెతుక్కోవడం కంటే నీచం ఇంకోటి లేదు.

గడువు దాటాక ఉత్తరం వచ్చింది. మీరడిగినవి రోగుల వ్యక్తిగత వివరాలు, సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేం అని. నేనడిగింది కిట్ల లెక్క! అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాను. జవాబు అందిన ముప్పై రోజుల్లోగా పెట్టాలి, మరిచిపోకండి.

విచారణకి రమ్మన్న రోజు భోజనాల వేళ దాటేదాకా వరండాలో నిలబెట్టారు. లోపలికి పిలిచాక కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు.

“రాసింది నువ్వేనేటమ్మా? ఎవరు రాయించారు?”

“నేనే రాశానండి.”

“విలేకరివా? ఏ పార్టీ? ఇంట్లో మగోళ్లు లేరేటి?”

గదిలో అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. “ఇంతకీ నీకెందుకమ్మా ఇవన్నీ?” అన్నారు ఆ అధికారి మళ్లీ. అప్పుడు చెప్పాను. “సెక్షన్ 6(2) ప్రకారం ఎందుకో చెప్పక్కర్లేదండి. రోగుల పేర్లుంటే సెక్షన్ 10 ప్రకారం అవి కొట్టేసి మిగతాది ఇవ్వండి. ఇవ్వకపోవడం సబబేనని నిరూపించుకోవాల్సింది సమాచార అధికారిగారు, నేను కాదు. 19(5) చూడండి.” నవ్వులు ఆగిపోయాయి. నేను ఇంటరే చదివాను. కానీ ఆ సెక్షన్లు కంఠతా పట్టి వెళ్లాను, ఒక్కచోట కూడా తడబడలేదు. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

అక్కడ జరిమానా అని బెదిరించి లాభం లేదు. రోజుకి 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసేది సమాచార కమిషన్ ఒక్కటే, ఈ అధికారి కాదు. అప్పీల్లోనూ కాదంటే తొంభై రోజుల్లోగా కమిషన్‌కి రెండో అప్పీలు పెట్టుకోవచ్చు. నాకు ఆ అవసరం రాలేదు. కాపీలు ఇమ్మని ఆర్డరు వేశారు. గుమస్తా పేజీకి రెండు రూపాయలు కట్టమన్నాడు. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలని చెప్పి, పైసా కట్టకుండా తెచ్చుకున్నాను.

రిజిస్టర్లో వరసగా వారాల తరబడి నిల్వ సున్నా. ఇండెంటు తేదీ చూస్తే కిట్లు అయిపోయిన చాలా రోజుల తర్వాతిది. మెషీన్ రిపేరుకి ఒక్క ఉత్తరమూ లేదు. మామగారికి చదివి వినిపిస్తే, “అయితే అసలు అడగనే లేదన్నమాట” అన్నారు. ఆ వారాల్లో కూలి డబ్బులు బయటి ల్యాబుకి పోసినవాళ్లు మా వీధిలోనే ఎందరో.

వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఈ కాపీలు పట్టుకెళ్తున్నాను. అప్పట్లో బయట పరీక్ష చేయించుకున్న రసీదులు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకుని రండి.