ముఖాలు కెమెరా దాటి పోనక్కర్లేదు

నేనుండే టొరంటోలో సరస్సు ఒడ్డున క్వేసైడ్ అనే 12 ఎకరాల చోటు ఉంది. గూగుల్ సోదర సంస్థ సైడ్‌వాక్ ల్యాబ్స్ అక్కడ వీధివీధినా సెన్సర్లతో కొత్త పేట కడతామని 2017లో ముందుకొచ్చింది. సలహాదారుగా ఆన్ కవూకియన్‌ను పెట్టుకుంది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో చాలా ఏళ్లు ప్రైవసీ కమిషనర్‌గా చేసినావిడ. సెన్సర్ సమాచారం తీసుకున్న చోటే, ఆ క్షణమే మనిషి ఆనవాళ్లు చెరిపేయాలన్నది ఆవిడ పట్టు. ప్రాజెక్టులో చేరే మిగతా కంపెనీలను అలా కట్టడి చేయలేమని సైడ్‌వాక్ చెప్పాక, 2018 అక్టోబరులో రాజీనామా చేశారు. 2020 మేలో ప్రాజెక్టే ఆగిపోయింది. ఆర్థిక అనిశ్చితి వల్ల అని కంపెనీ చెప్పింది.

ఆవిడ అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. పచ్చలైటు ఎంతసేపు ఉంచాలో తేల్చడానికి ఎన్ని బండ్లు ఆగాయో తెలిస్తే చాలు, నంబరు ప్లేట్లెందుకు? కెమెరాలోనే ఉండే చిన్న ఏఐ మోడల్ బండ్లు లెక్కపెట్టి, ఆ అంకె మాత్రం పైకి పంపి, బొమ్మను అక్కడే చెరిపేయగలదు. నగరాల్లో ఏఐని వాడాల్సింది ఇందుకేనని గట్టిగా నమ్ముతాను.

పేర్లు తీసేశాం కదా అంటే సరిపోదు. 15 లక్షల మంది మొబైల్ రికార్డులపై 2013లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఏ వేళకు ఎక్కడున్నారో నాలుగుసార్లు తెలిస్తే 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీయొచ్చు. పాల ప్యాకెట్టు, గుడి, ఆఫీసు, పిల్లల ట్యూషన్. అయిపోయింది.

మొన్న కాకినాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ గేటుకి ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెడతారట, కొటేషన్లు చూడక్కా అన్నాడు. ధరలన్నీ ఉన్నాయి. ఫొటోలు ఎక్కడికి పోతాయో ఒక్కదాంట్లోనూ లేదు.

నా బెంగంతా పనివాళ్ల గురించే. ఫ్లాట్ల ఓనర్లు మీటింగులో వద్దనగలరు. అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ ఎవరితో చెప్పుకుంటుంది? సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలని మన 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. ముఖం చూపిస్తేనే పనిలోకి రానిస్తామంటే, అందులో స్వేచ్ఛ ఎక్కడుంది?

తమ్ముడికి ప్రశ్నలు రాసి పంపాను. ముఖం గుర్తింపు ఆపేసి, ఎవరో వచ్చారని మాత్రం చెప్పేలా పెట్టగలరా? వీడియో బిల్డింగ్‌లోనే ఉంటుందా? ఎన్నాళ్లకు చెరిగిపోతుంది? పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంటుంది? ఒక కంపెనీ అన్నిటికీ జవాబులు రాసిస్తానందట. ఆ కాగితం మీటింగులో చదివేటప్పుడు వాచ్‌మన్‌ను, పనివాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టమన్నాను.