ఏడో తరగతిలో ఎలుగుబంటి

రీయూనియన్‌కి రాబోతున్న మిత్రులారా, ఏడో తరగతిలో మన సెక్షన్‌లో నన్నెవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, 'ఎలుగు' అనేవాళ్లు. కారణం రూపర్ట్. నాన్నగారు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో డాక్టరుగా చేసిన రోజుల్లో అక్కడి ఐటీవీ ఛానల్లో చూసిన పిల్లల సీరియల్ అది. 1974లో మేం తిరిగొచ్చేసరికి మన ఊళ్లో టీవీ అన్నదే లేదు, హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైందే 1977లో కదా, దాంతో మధ్యాహ్నం క్యారేజీలు తెరిచాక మీ అందరికీ నేనే టీవీ.

రూపర్ట్ తెల్ల ఎలుగుబంటి పిల్ల. ఎర్ర స్వెట్టరు, పసుపు గళ్ల ప్యాంటు, అవే గళ్ల మఫ్లరు. పుట్టింది 1920లో, డైలీ ఎక్స్‌ప్రెస్ పేపర్లో, మేరీ టూర్టెల్ గీసిన బొమ్మల కథగా. 1935 నుంచి ఆల్‌ఫ్రెడ్ బెస్టాల్ గీశాడు, నన్నడిగితే రూపర్ట్ ఉండే నట్‌వుడ్ అనే ఊరికి అందం తెచ్చింది ఆయనే. 1970లో టీవీకొచ్చినప్పుడు కార్టూన్‌గా కాకుండా తాళ్లతో ఆడించే బొమ్మలతో తీశారు. థండర్‌బర్డ్స్ బొమ్మలాటలో పనిచేసిన మేరీ టర్నర్, జాన్ రీడ్ చేశారు దాన్ని. కథ చెప్పే గొంతు జూడీ బెన్నెట్‌ది. బొమ్మల నడక కాస్త తూలినట్టే ఉండేది, అయినా పుల్లలు, చెట్టు వేళ్లతో చేసినట్టుండే రాగెటీ వస్తే మాత్రం నేను సోఫా వెనక్కి పోయేవాణ్ణి.

మీకు ఇదంతా చప్పగా అనిపించింది. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లాయె, నవ్వించే కేతిగాడు లేని బొమ్మలాటేంటని మొదటిరోజే నిలదీశారు! చేసేదేముంది, నట్‌వుడ్‌లోకి కేతిగాణ్ణీ, వాడి జోడీ బంగారక్కనీ దింపాను, బంగారక్క తిట్లకి రాగెటీ చెట్టెక్కి కూర్చునేవాడు, అసలు కథకంటే అదే బాగుండేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అప్పట్లో నా దగ్గర రూపర్ట్ యాన్యువల్, అంటే ఏటా వచ్చే కథల పుస్తకం, ఒకటుండేది, అందులో ప్రతి బొమ్మ కిందా రెండు పాదాల పద్యం ఉండేది. తెలుగు మాస్టారు అది తిరగేసి, ఇది మన ద్విపద లాంటిదేరా, బొమ్మలాట వాళ్లు పాడే రంగనాథ రామాయణం కూడా ద్విపదే అని చెప్పి, ఒక్కో బొమ్మకి ఒక్కొక్కరిచేత తెలుగులో రెండేసి పాదాలు రాయించారు. ప్రాస కుదరక ఏడ్చినవాళ్ల పేర్లు చెప్పను, వాళ్లలో ఒకాయన తర్వాత హెడ్మాస్టరయ్యాడు.

ఆ పుస్తకం చేతులు మారి మారి ఎక్కడో ఆగిపోయింది. సీరియల్ ముక్కలు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి గానీ, మనం రాసిన పద్యాల కాగితాలు ఆ పుస్తకంలోనే ఉండిపోయాయి. ఎవరి అటక మీదున్నా సరే, రీయూనియన్‌కి పట్టుకురండి, ఏమీ అనను.