సెప్టెంబరు సెలవుల్లో జాంబెజీ తీరానికి

చెన్నైలోని మా తెలుగు కుటుంబాల్లో దక్షిణాఫ్రికా యాత్ర అంటే కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్, తీరిక ఉంటే క్రూగర్ జాతీయ ఉద్యానవనం అన్న వరుస స్థిరపడిపోయింది. జొహానెస్‌బర్గ్ నుంచి విమానంలో రెండు గంటలైనా పట్టని, జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబెజీ నది మీద ఉన్న విక్టోరియా జలపాతాన్నీ, దానికి చేరువలో బోట్స్వానాలో ఉన్న చోబే జాతీయ ఉద్యానవనాన్నీ ఈ యాత్రకు జోడించుకోవచ్చునా అని నన్ను అడిగేవారు ఎక్కువగా వేసవి సెలవులను దృష్టిలో పెట్టుకొనే అడుగుతారు. వారికి నేను సెప్టెంబరు చివర వచ్చే త్రైమాసిక పరీక్షల సెలవులనే సూచిస్తాను.

జాంబెజీ నదికి నీరు ప్రధానంగా అంగోలా, వాయవ్య జాంబియా ఎగువ ప్రాంతాల నుంచి వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ కురిసిన వాన విశాలమైన వరద మైదానాలను నింపుకుంటూ నింపాదిగా దిగువకు రావడం వల్ల, జలపాతం సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో ఉధృతమవుతుంది. 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు దూకే ఆ ప్రవాహం నుంచి అప్పుడు లేచే తుంపర ఎంత దట్టంగా ఉంటుందంటే, ఎదురుగా నిలబడి తడిసి ముద్దయినవారికి చాలాచోట్ల జలపాతమే కనిపించదు. చోబే అడవిలోనూ అప్పటికి కుంటలు ఇంకా ఎండవు, గడ్డి ఏపుగా ఉంటుంది. కాబట్టి జంతువులకు నది ఒడ్డుకు రావలసిన అవసరమూ ఉండదు.

జలపాతం, చోబే రెండింటికీ అనువైనది జూలై అని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ కేప్‌టౌన్‌లో అది వానలతో కూడిన చలికాలం. టేబుల్ పర్వతం మీదికి వెళ్లాలనుకున్నవారు మబ్బులను చూసి వెనుదిరగవలసి రావచ్చు. సెప్టెంబరు చివరికి అక్కడ వసంతం వస్తుంది, దానికి చేరువలోని హెర్మానస్ తీరంలో తిమింగలాలు కనిపిస్తాయి, చోబేలో కుంటలు ఎండి ఏనుగుల మందలు చోబే నదికి చేరతాయి. అప్పటికి జలపాతం బాగా తగ్గి, జాంబియా వైపు బండ చాలావరకు బయటపడుతుంది గనుక, జింబాబ్వే వైపు బస చేయడమే మేలు. అక్కడి ప్రధాన ధారలో నీరు ఏడాది పొడవునా ఉంటుంది. నీరు పలచబడినందువల్లనే నీరు దూకే లోయ గోడలు స్పష్టంగా కనిపిస్తాయి, నాకైతే ఆ దృశ్యమే నచ్చింది.

చోబేకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే యాత్రలు అమ్ముతారు గానీ, ఉద్యానవనం అంచునున్న కసానే పట్టణంలో రెండు రాత్రులైనా ఉండాలి. సాయంత్రపు పడవలో వెళ్తే, ఏనుగులు తొండాలు పైకెత్తి చోబే నదిలోని సెడూడు దీవికి ఈదుకుంటూ పోవడం చూడవచ్చు. ఆ దీవి కోసం బోట్స్వానా, నమీబియా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లగా, 1999లో తీర్పు బోట్స్వానాకు అనుకూలంగా వచ్చింది.

దక్షిణాఫ్రికా దాటి మళ్లీ జొహానెస్‌బర్గ్ మీదుగానే తిరిగివచ్చేవారు ఆ దేశపు వీసాను ఒకటికి మించిన ప్రవేశాలకు అడగాలి. పిల్లలను తీసుకువెళ్లేవారు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రాన్ని దగ్గర ఉంచుకోవాలి. జలపాతం, చోబే రెండూ మలేరియా ప్రాంతాలే కనుక మందుల విషయం ముందుగానే వైద్యుణ్ణి అడగాలి. యాత్రలో కెన్యా కూడా ఉంటే, ఎల్లో ఫీవర్ టీకాను గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ టీకా పత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగివచ్చినవారిని మన విమానాశ్రయంలోనే ఆపి, విడిగా ఉంచే అధికారం అధికారులకు ఉంది.