కిక్ దిగని చేతక్‌తో నెల రోజులు

నాన్నగారి 1989 బజాజ్ చేతక్ కాకినాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్లు అలాగే ఉండిపోయింది. అసలే సముద్రపు గాలి, పైగా ఎవరో ఇంజిన్ స్పార్క్ ప్లగ్ తీసి మళ్లీ బిగించకపోవడంతో తేమంతా ఆ కన్నంలోంచి లోపలికి పోయింది. కిక్ మీద నిలబడినా దిగలేదు. అలా నిలబడటమే నేను చేసిన మొదటి తప్పు, ఇంకాస్త బలం పెట్టుంటే కిక్ గేరు పళ్లు రాలిపోయేవి. తెలిసిన మెకానిక్ ఒకాయన చూసి "పాత ఇనుముకి వేసేయండి సార్" అన్నాడు. అదిగో, అక్కడ పంతం వచ్చింది.

నడుస్తూ నడుస్తూ వేడికి పట్టేసిన ఇంజిన్ వేరు, ఊరికే నిలబడి తుప్పుకి పట్టేసింది వేరు. మాది రెండోది, కాబట్టి కాస్త ఆశ ఉంది. డీజిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం కలిపి ప్లగ్ కన్నంలో పోశాను. సిలిండర్ నిటారుగా ఉండదు కదా, నూనె పిస్టన్ మీద నిలవాలని బండిని వాల్చి ఇటుకలు పెట్టాను. రోజూ సాయంత్రం కాస్త పోయడం, నాలుగో గేరులో పెట్టి వెనక చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపడం. ఎనిమిది రోజులైనా చలనం లేదు. ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వడం మాత్రం మొదలైంది.

ఇక హెడ్, అంటే సిలిండర్ మీది మూత, విప్పేశా. సిలిండర్ గోడల చుట్టూ ఎర్రటి తుప్పు. సిలిండర్ బ్లాకు మీద మరిగే నీళ్లు పోసి, చల్లారనిచ్చి, మళ్లీ పోసి, అలా ఓ పూటంతా చేశాను. పోత ఇనుము బ్లాకూ అల్యూమినియం పిస్టనూ వేడికి ఒకేలా పెరగవు, ఆ తేడాకే తుప్పు పట్టు సడలుతుంది. తర్వాత పిస్టన్ మీద చెక్కముక్క పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. నేరుగా కొడితే పిస్టన్ పగులుతుంది. పదో పన్నెండో దెబ్బకి "టక్" మని వెంట్రుకవాసి కదిలింది. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు!

ఆ తర్వాతిదంతా మామూలు పనే. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 57 మి.మీ., గోడకి గుంటలు పడ్డాయి కాబట్టి 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ (కాస్త లావు) పిస్టన్ ముందే కొని, బ్లాకుతో పాటు లేత్ షాపులో ఇచ్చా, ఆ పిస్టన్ కొలత చూసే బోరింగ్ చేస్తారు, అంటే గోడని గీరి కన్నం పెద్దది చేస్తారు. మ్యాగ్నెట్ పుల్లర్ (ఇంజిన్ పక్కనుండే అయస్కాంత చక్రాన్ని ఊడలాగే పనిముట్టు) అద్దెకి తెచ్చి, ఇంజిన్ కేసు విప్పి, క్రాంక్ బేరింగులూ ఆయిల్ సీళ్లూ మార్చాను. సీళ్ల దగ్గర పిసినారితనం చేస్తే గేరాయిల్ కూడా కాలి తెల్లటి పొగ వస్తుంది. పిస్టన్ ఎక్కించేటప్పుడు దాని మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి, కింద కేసు నోట్లో గుడ్డ కుక్కాలి. గుడ్డ లేకుండా పెట్టబోయి ఒక సర్‌క్లిప్ (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న రింగు) లోపల పడేసుకుని గంటసేపు అయస్కాంతంతో వెతికాను.

చివరికి బండిని ఒక పక్కకి వంచి, అందరికీ తెలిసిన ఆ చేతక్ పద్ధతిలోనే, కిక్ కొడితే ఆరోసారికి అందుకుంది. కొత్త రింగులు కుదురుకునేదాకా పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ నూనె) కాస్త ఎక్కువ కలిపి, నలభై దాటకుండా నడుపుతున్నా. కిక్ షాఫ్ట్ దగ్గర ఇంకా ఆయిల్ చెమ్మగిల్లుతోంది, ప్రస్తుతానికి కింద అట్టముక్క వేశాను.