బాయిది పెట్టు తమ్మీ

దుబాయ్‌లో ఈవెంట్లకు సౌండ్ కట్టే పని నాది. స్టేజీ విప్పి, సామాను వ్యాన్‌లో ఎక్కించి గదికి చేరేసరికి రాత్రి రెండు దాటుతుంది. గదిలో ఆరుగురం. ఎలక్ట్రిక్ గిటార్ తీసేది అప్పుడే. కింది మంచం జడ్చర్ల అన్న ఒకరోజు లేచి, "ఏం వాయిస్తున్నవ్ తమ్మీ, తీగల టకటక తప్ప ఏం వినవడ్తలేదు" అన్నాడు. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టాను. చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఆయన విన్న శబ్దమిచ్చే వాల్వు యాంప్ (వేడెక్కే గాజు గొట్టాలతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) బరువు నా భుజానికి తెలుసు, ముప్పై కిలోల దాకా ఉంటుంది. నా దగ్గరున్నది టిఫిన్ బాక్సంత డబ్బా. లోపల వాల్వు లేదు, స్పీకర్ లేదు, ఉన్నదల్లా లెక్కలే. 1998లో లైన్ 6 కంపెనీ వాళ్ల పాడ్ అనే డబ్బా వచ్చినప్పటి నుంచి ఇలాంటివి ఇళ్లలోకి చేరాయి.

అన్నకు డప్పుతో చెప్పాను. మంటకు కాచిన డప్పును మెల్లగా తడితే ఒక గొంతు, గట్టిగా కొడితే ఇంకో గొంతు. వాల్వు కూడా వేడెక్కితేనే పలుకుతుంది. తీగను మెల్లగా మీటితే అల ఉన్నది ఉన్నట్టే పెద్దదవుతుంది. గట్టిగా మీటితే అల కొన హద్దుకు తగిలి మెత్తగా చదునవుతుంది. ఆ చదునులోంచి తీగలో లేని కొత్త స్వరాలు పుడతాయి. రాక్ గిటార్ గరగర అంతా అదే.

డబ్బా ఆ అలను సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి అంకెనూ అలాగే వంచుతుంది. చిక్కేమిటంటే, పుట్టిన స్వరం అందులో సగం, అంటే సెకనుకు 24,000 కంపనాలు (హెర్ట్జ్) దాటితే ఆ కొలతకు అందదు. అందకపోతే పోదు, కిందికి మడతపడి అపస్వరమై వినిపిస్తుంది. అందుకే లోపల కొలతల సంఖ్యను కొన్ని రెట్లు పెంచి లెక్కకట్టి, పైవాటిని వడకట్టి మళ్లీ దించుతారు. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోవాలి. మూడు మిల్లీసెకన్లంటే, స్పీకర్‌కు మీటరు దూరంలో నిలబడ్డట్టే.

స్పీకర్ పెట్టె సంగతి వేరు, అది బావిలాంటిది. బావిలో ఒక్క టపాకాయ చప్పుడుకు వచ్చిన జవాబు పట్టుకుంటే చాలు, ఏ పాటైనా అక్కడ ఎలా మోగుతుందో లెక్కగట్టవచ్చు. దీన్నే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. డప్పులాంటి వాల్వు మాత్రం ఒక్క దెబ్బకు దొరకదు. అందుకే ఇప్పుడు అసలు యాంప్‌లోకి పంపిన శబ్దాన్నీ, బయటికొచ్చిన దాన్నీ కొన్ని నిమిషాలపాటు రికార్డు చేసి, మొదటిది రెండోదిగా ఎలా మారిందో న్యూరల్ నెట్‌వర్క్‌కు (ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు) నేర్పుతున్నారు. న్యూరల్ యాంప్ మోడలర్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నాలాంటి వాడికి ఇది చాలా పెద్ద విషయం.

పోయిన సెలవులో అచ్చంపేట దగ్గరి మా ఊళ్లో, ఎండిన మోటబావిలోకి దిగి రికార్డర్ పెట్టి బెలూన్ పగలగొట్టాను. పావురాలు లేచాయి, ఆ రికార్డింగ్ నిండా రెక్కల చప్పుడే. అవి ఎగిరిపోయేదాకా ఆగి రెండోది పగలగొట్టాను. ఇక్కడికొచ్చాక దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను.

అన్న ఇప్పుడు హెడ్‌ఫోన్లు అందుకుంటూనే, "బాయిది పెట్టు తమ్మీ" అంటాడు.